ఆ ఆదివారం వాళ్ళకేం తెలుసు?

ఐటీలో నాలుగేళ్ళు పనిచేసినవాళ్ళెవరైనా ఆ స్లైడు చూసే ఉంటారు. టీమ్ వర్క్ మీద ట్రైనింగ్ అనగానే నల్లకోట్లు వేసుకున్న వందమంది, వాళ్ళ ముందు చేతిలో పుల్ల పట్టుకున్న ఒక పెద్దమనిషి. "చూశారా, వందమంది ఒక్క మనిషిలా ఎలా వాయిస్తున్నారో, మీ ప్రాజెక్టు కూడా ఇలాగే ఉండాలి" అంటాడు ట్రైనరు. మనం తలూపుతాం. తర్వాత టీ, బిస్కట్లు.

ఆ పోలిక మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే ఆ బొమ్మ కనబడినప్పుడల్లా నాకు ఒకే ఒక్క రికార్డింగు గుర్తొస్తుంది. 1938 జనవరి 16, ఆదివారం, వియన్నాలో మ్యూజిక్‌ఫెరైన్ హాల్లో జరిగిన కచేరీ అది. వాయించినవాళ్ళు వియన్నా ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రా. కండక్టర్ బ్రూనో వాల్టర్. వాయించింది గుస్తావ్ మాలర్ రాసిన తొమ్మిదో సింఫనీ. ఆ సింఫనీకి మొట్టమొదటి రికార్డింగు ఇదే, అది కూడా స్టూడియోలో కాదు, జనం మధ్యలో. ఇంత ప్రసిద్ధమైన రికార్డింగు గురించి రాసినవాళ్ళలో చాలామంది రాసే ఒక మాట నాకు ఒప్పుదల కాదు. ఈ టపా దాని గురించే. కానీ అక్కడికి వెళ్ళాలంటే కొంచెం వెనకనుంచి రావాలి, ఓపిక పట్టండి.

ఈ సంగీతంతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సింఫనీ అంటే పాట కాదు, చాలావాటిలో మాటలుండవు. నాలుగైదు పెద్ద భాగాలుగా ఉంటుంది, మాలర్‌వైతే చాలావరకు గంట దాటుతాయి. ప్రతి స్వరమూ కాగితం మీద రాసిపెట్టే ఉంటుంది, మన కచేరీల్లోలాగా అప్పటికప్పుడు అల్లుకునే మనోధర్మం ఉండదు. 2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో రాయల్ ఫిల్హార్మొనిక్ చేత తన 'వాలియంట్' వాయింపించినప్పుడు మనవాళ్ళలో చాలామంది ఈ మాట మొదటిసారి విన్నారు. ఇక 'రొమాంటిక్ సింఫనీ' అంటే డ్యూయెట్లు గుర్తు చేసుకోకండి. 19వ శతాబ్దంలో యూరప్‌లో వచ్చిన ఒక ధోరణి పేరది, పెద్ద ఆర్కెస్ట్రా, పెద్ద ఆవేశం, సొంత గోడు చెప్పుకోవడం. మాలర్ ఆ వరసలో దాదాపు చివరివాడు. మన భాషలో చెప్పాలంటే సోర్సు కోడు ఎప్పుడూ ఒకటే, ప్రతి కచేరీ ఒక రన్. ఏ మెషీన్ మీద, ఏ రోజు, ఎవరు నడిపారన్నదాన్ని బట్టి అవుట్‌పుట్ మారిపోతుంది. లైవ్ రికార్డింగుల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఆ తేడా కోసమే వాటి వెంట పడతారు.

మాలర్ పదేళ్ళపాటు, 1897 నుంచి 1907 దాకా, వియన్నా కోర్ట్ ఒపెరాకి డైరెక్టరు. 1907లో పెద్దకూతురు చనిపోయింది, అదే ఏడాది ఆయన గుండెలో లోపం ఉందని డాక్టర్లు తేల్చారు, అదే ఏడాది ఒపెరా ఉద్యోగమూ వదిలేశాడు. 1909 వేసవిలో టోబ్లాఖ్ అనే కొండ ఊళ్ళో కూర్చుని ఈ తొమ్మిదోది రాశాడు. 1911 మేలో పోయాడు, యాభయ్యేళ్ళకే, దీన్ని ఒక్కసారి కూడా వినకుండా. మరుసటి ఏడాది జూన్ 26న వియన్నాలో దీన్ని మొదటిసారి వినిపించింది ఆయన శిష్యుడు బ్రూనో వాల్టర్. ఆర్కెస్ట్రా ఇదే. అంటే 1938లో జరిగింది, ఇరవయ్యారేళ్ళ తర్వాత అదే ఊళ్ళో, అదే కండక్టరు, అదే ఆర్కెస్ట్రా, అదే సింఫనీ. ఇంకో సంగతి. మొదటి వరసలో కండక్టర్ ఎడమచేతి పక్కన కూర్చుని వయొలిన్ల వాళ్ళకి నాయకత్వం వహించిన పెద్దాయన పేరు ఆర్నాల్డ్ రోజే. ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం 1881లో మొదలుపెట్టాడు. మాలర్ చెల్లెలు యుస్టీన్ ఆయన భార్య. 1938 నాటికి ఆయన వయసు 74. మన దగ్గర ఒక కంపెనీలో మూడేళ్ళుంటే 'వెటరన్' అంటున్నాం :-)

సరే, దీన్ని రికార్డు చేసిన పద్ధతి గురించి చెప్పకపోతే ఇంజనీరు పుట్టక పుట్టీ వృథా.

అప్పటికి రికార్డు కంపెనీల చేతికి టేపు రాలేదు. మైకులోంచి వచ్చిన ధ్వని ఒక సూదిని కదిలిస్తుంది, ఆ సూది తిరుగుతున్న మెత్తటి మైనపు పలక మీద గాడి కోస్తుంది, అంతే. ఎలా వచ్చిందో విందామని ఆ పలకని ప్లే చేస్తే అది పాడైపోతుంది, కాబట్టి వినడానికీ లేదు. ఒక పలక మీద ఎంత లాగినా నాలుగున్నర నిమిషాలకి మించి పట్టదు. సింఫనీయేమో డెబ్బై నిమిషాలు. స్టూడియోలో అయితే ప్రతి నాలుగు నిమిషాలకీ ఆపి, పలక మార్చి, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కచేరీ మధ్యలో వాల్టర్ని "సార్, ఒక్క నిమిషం" అనలేరు కదా. అందుకని రెండు మెషీన్లు పెట్టేవారు. ఒకదాని మీద పలక అయిపోవస్తుండగానే రెండోది మొదలవుతుంది, రెండింట్లోనూ కొన్ని క్షణాలు ఒకే సంగీతం పడుతుంది. ఆ అతుకు దగ్గరే తర్వాతి తరం ఇంజనీర్లు ఒకదాన్ని ఇంకోదానికి కలుపుతారు. అలా ఇరవై వైపులు, పది ప్లేట్లు. అన్‌డూ లేదు, ఎడిట్ లేదు, టెస్ట్ సర్వరు లేదు, నేరుగా ప్రొడక్షన్‌లో కోడు రాయడమే.

ఈ పని చేయించినవాడి పేరు ఫ్రెడ్ గైస్‌బర్గ్, హెచ్ఎంవీ కంపెనీ మనిషి. ఈ పేరు మనకి కొత్తది కాదు. 1902లో గ్రామఫోను డబ్బా పట్టుకుని కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసుకెళ్ళింది ఈయనే. ఆవిడ పాట చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పుకునేది, హానోవర్‌లో ప్లేట్లు అచ్చువేసేవాళ్ళకి ఎవరిదో తెలియాలి కదా. మూడు నిమిషాల్లో రాగం, పాట, పేరు, అన్నీ అయిపోవాలి. ఆ తర్వాత మన తాతల ఇళ్ళల్లోకి నాటకం పద్యాలు వచ్చింది కూడా ఈ ప్లేట్ల మీదే, గట్టిగా రాగం తీసేలోపు ప్లేటు అయిపోయేది. కలకత్తాలో మైకు కూడా లేకుండా ఒక కొమ్ము గొట్టంలోకి పాడించుకున్న మనిషే, ముప్ఫై ఆరేళ్ళ తర్వాత వియన్నాలో వందమందిని ఇరవై ముక్కలుగా పట్టుకున్నాడు. ఒక్క మనిషి ఉద్యోగ జీవితంలో టెక్నాలజీ ఎంత దూరం నడిచిందో చూడండి.

ఇప్పుడు 'లైవ్' అని రాసి ఉన్న రికార్డింగుల్లో చాలావాటి సంగతి వేరు. రెండు మూడు రాత్రుల కచేరీలు రికార్డు చేసి, రిహార్సల్లోంచి కొంత తీసుకుని, జనం వెళ్ళిపోయాక తప్పులు పడ్డ చోట్ల మళ్ళీ వాయించి అతుకులేస్తారు. తప్పని అనను, డబ్బులిచ్చి కొనేవాడికి శుభ్రమైన సరుకు ఇవ్వడమే అది. కానీ అప్పుడప్పుడు అతుకులేయని సరుకు బయటికి వస్తుంది. ఇదే తొమ్మిదో సింఫనీని 1979 అక్టోబరులో లెనర్డ్ బెర్న్‌స్టైన్ బెర్లిన్ ఫిల్హార్మొనిక్‌తో వాయింపించాడు. చివరి భాగంలో ఆర్కెస్ట్రా అంతా శిఖరం మీదికి చేరే చోట ట్రాంబోన్ల వాళ్ళు మోగనే లేదు. మన కచేరీలో పల్లవి అందుకునే చోట మృదంగం ఆగిపోయినట్టు. 1992లో ఆ రికార్డింగు బయటికొచ్చింది, ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. అయినా దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు లెక్కలేనంతమంది.

1938 నాటిదాంట్లోనూ తప్పులున్నాయి. దగ్గులున్నాయి, కొన్ని చోట్ల మరీ దగ్గరగా, పక్క సీట్లో ఎవరో దగ్గినట్టు. మంచి హెడ్‌ఫోన్సు పెట్టుకుంటే ఇంకోటి గమనించొచ్చు. ప్రతి మూడు నాలుగు నిమిషాలకీ ధ్వని మెల్లగా మసకబారి, ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. ప్లేటు మీద సూది అంచు నుంచి మధ్యకి వెళ్ళేకొద్దీ ఒక్కో చుట్టూ చిన్నదవుతుంది, అదే సెకనుకి తక్కువ జాగా దొరుకుతుంది, పై స్థాయి స్వరాలు నలిగిపోతాయి. కొత్త ప్లేటు మొదలవగానే మళ్ళీ గాలి వచ్చినట్టు ఉంటుంది. దాన్ని దాచడానికి ట్రాన్స్‌ఫర్ చేసే ఇంజనీర్లు చాలా తంటాలు పడతారు, కానీ పూర్తిగా పోదు. నాకు అది పోకపోవడమే ఇష్టం.

సంగీతం సంగతికొద్దాం. మొదట చెల్లోలూ ఒక హార్నూ తడబడుతున్నట్టు ఒకే స్వరాన్ని అటూ ఇటూ అందించుకుంటాయి. మాలర్ గుండె లోపం లయ అదేనని బెర్న్‌స్టైన్ అనేవాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. తర్వాత రెండో వయొలిన్ల వాళ్ళు అసలు పాట ఎత్తుకుంటారు. రెండే రెండు స్వరాలు, పైనుంచి ఒక మెట్టు కిందికి. దాన్ని పట్టుకుని ఇరవై అయిదు నిమిషాలు నడుస్తుంది మొదటి భాగం. రెండోది పల్లెటూరి డాన్సు, కావాలనే మోటుగా. మూడోది ఒక పిచ్చి పరుగు, సుమారు పదకొండు నిమిషాలు, అందరూ ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు రాశాడు మాలర్. నిజంగానే పడ్డారు ఆ రోజు. కొన్ని చోట్ల ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక. కానీ అక్కడే ఒక అద్భుతం వినిపిస్తుంది. ఒక పక్క జారిపోతుంటే, పక్కవాళ్ళు చెవులు రిక్కించి వింటూ, అర సెకనులో మళ్ళీ కలిసిపోతారు. కండక్టరు చెయ్యూపినంత మాత్రాన జరిగేది కాదది. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్ళకే వస్తుంది.

నాలుగోది నెమ్మది. అంటే కాగితం మీద నెమ్మది. వాల్టర్ ఆ రోజు దాన్ని పద్దెనిమిది నిమిషాల్లో ముగించాడు. అదే వాల్టర్ 1961లో స్టూడియోలో దానికి ఇరవై ఒక్క నిమిషాలు తీసుకున్నాడు. బెర్న్‌స్టైన్ 1985లో ఆమ్‌స్టర్‌డామ్ ఆర్కెస్ట్రాతో దాదాపు అరగంట తీశాడు. 1938ది వీటి పక్కన పెడితే ఆత్రంగా ఉంటుంది.

ఆ ఆత్రం దగ్గరే నా పేచీ.

ఈ రికార్డింగు గురించి రాసే ప్రతివాళ్ళూ దాదాపు ఒకే మాట రాస్తారు. వినాశనం ముంగిట్లో ఉన్న నగరం ఆఖరి శ్వాస ఇందులో వినబడుతుందనీ, రాబోయేది ఆ వాయించేవాళ్ళకి తెలిసిపోయినట్టుందనీ. ఎందుకంటే తర్వాత జరిగింది మనకి తెలుసు. దాదాపు ఎనిమిది వారాల తర్వాత, మార్చి 12న, హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. మూడు రోజుల తర్వాత హిట్లరే వియన్నాలో హెల్డెన్‌ప్లాట్జ్ మైదానంలో మాట్లాడాడు, మైదానం నిండా జనం జేజేలు. వాల్టర్ యూదుడు. ఆ సమయానికి కచేరీల కోసం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. వియన్నాలో ఉన్న ఆయన కూతురు లోటెని అరెస్టు చేశారు, తర్వాత వదిలిపెట్టారు. గైస్‌బర్గ్ టెస్టు ప్లేట్లు పట్టుకెళ్ళి వినిపించే సమయానికి వాల్టర్ ఇల్లూ ఊరూ లేని మనిషి. అయినా విని సరేనన్నాడు, రికార్డు బయటికొచ్చింది.

ఇదంతా తెలిశాక ఎవరికైనా ఆ పద్దెనిమిది నిమిషాల్లో గుండెదడ వినిపిస్తుంది. వినిపించకపోతేనే వింత.

మా రూమ్మేటు మీద ఒక ప్రయోగం చేశాను. ఏమీ చెప్పకుండా చివరి భాగం పెట్టాను. కళ్ళు మూసుకుని శ్రద్ధగానే విన్నాడు. "బావుందిరా, పడుకునేటప్పుడు పెట్టుకోవచ్చు. కానీ ఎవరో దగ్గుతున్నారు, క్లీన్ వెర్షన్ దొరకదా?" అన్నాడు. వారం తర్వాత కథంతా చెప్పి అదే ఫైలు మళ్ళీ పెట్టాను. ఈసారి లేచెళ్ళి బాల్కనీలో నిలబడ్డాడు, కాసేపు మాట్లాడలేదు. ఫైలు అదే. ఒక్క బైటు కూడా మారలేదు. మారింది వాడి దగ్గరున్న సమాచారం.

మనకి ఇది బాగా తెలిసిన వ్యవహారమే. అర్ధరాత్రి సర్వరు పడిపోతుంది, పొద్దున్నే రూట్ కాజ్ మీటింగు. లాగ్ ఫైలు తెరిస్తే, పడిపోవడానికి గంట ముందు ఒక వార్నింగు. "ఇంత స్పష్టంగా ఉంటే ఎవరూ చూడలేదా?" అని మేనేజరు ఉరుముతాడు. నిజమేంటంటే ఆ వార్నింగు ఆర్నెల్లనుంచి రోజూ వస్తోంది. పడిపోని నూట ఎనభై రోజుల్లోనూ అది అంతే స్పష్టంగా ఉంది. తెల్లారాక దానికి అర్థం వచ్చింది.

వియన్నాలోనూ వార్నింగులు లేకపోలేదు. 1933లోనే వాల్టర్ని జర్మనీలో కచేరీలు చెయ్యనివ్వలేదు, అందుకే ఆస్ట్రియా వచ్చాడు. మాలర్ సంగీతం జర్మనీలో అప్పటినుంచే బందు, ఆయనా యూదుడే కాబట్టి. 1936లో వియన్నా ఒపెరాలో వాల్టర్ కండక్ట్ చేస్తుండగా దుర్వాసన బాంబులు వేశారు. నాజీ పార్టీ మీద ఆస్ట్రియాలో నిషేధం ఉన్నా లోపల్లోపల అది పెరుగుతూనే ఉంది. ఇవన్నీ ఉండి కూడా జనం టికెట్లు కొనుక్కున్నారు, వచ్చారు, దగ్గారు. ఆర్కెస్ట్రా వాళ్ళు వయొలిన్లు శృతి చేసుకున్నారు. వాళ్ళ మటుకు వాళ్ళకి అది ఆ సీజన్లో ఒక కచేరీ, కాకపోతే కష్టమైన సింఫనీ. వేగంగా వాయించారంటే, నా ఉద్దేశంలో, వాల్టర్‌కి అప్పుడు అరవై ఒకటి, ఈ సింఫనీ ఇంకా ఒక విగ్రహం అయిపోలేదు, దానికి దణ్ణం పెడుతూ వాయించాలని ఇంకా ఎవరూ చెప్పలేదు. అంతకు మించిన జోస్యం అందులో ఉందంటే నేను నమ్మను.

"పోనీలేవయ్యా, జనం అలా వింటే నీకేం నష్టం?" అనొచ్చు. నష్టముంది. ఆ సంగీతానికి రాబోయేది తెలుసు అనుకోవడంలో మనకొక ఓదార్పు ఉంది. వేదిక మీద ఉన్నవాళ్ళంతా ఒక పక్షం, బయట నుంచి వచ్చే సైన్యం ఇంకో పక్షం, ఆ మధ్యలో ఈ డెబ్బై నిమిషాలు ఒక వీడ్కోలు. అందమైన కథ. జరిగింది అది కాదు.

వియన్నా ఫిల్హార్మొనిక్ మామూలు ఆర్కెస్ట్రా కాదు. 1842లో మొదలైనప్పటినుంచీ అది వాయించేవాళ్ళు నడుపుకునే సంఘం. పైన యజమాని ఉండడు. ఛైర్మన్ని వాళ్ళే ఎన్నుకుంటారు, కండక్టర్లని వాళ్ళే పిలుస్తారు, 1933 తర్వాత పర్మనెంటు కండక్టరు కూడా లేడు. ఇప్పుడు మనం 'సెల్ఫ్ ఆర్గనైజింగ్ టీమ్' అని పోస్టర్లు అంటించుకుంటున్నామే, అచ్చం అదే, మనకన్నా వందేళ్ళు ముందు. 1938 మార్చిలో ఆ టీమ్‌లోంచి యూదుల్ని తీసేశారు. అప్పటిదాకా ఛైర్మన్‌గా ఉన్న హూగో బుర్గ్‌హౌజర్, బసూన్ వాయించేవాడు, యూదుడు కాదు, అయినా నాజీలకి వ్యతిరేకి, ఆయన్నీ దించేశారు. దేశం వదిలి పారిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చిన విల్‌హెల్మ్ యెర్గర్ బయటివాడు కాదు, అదే ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ వాయించేవాడు. పార్టీ మీద నిషేధం రాకముందే అందులో చేరినవాడు.

2013లో ఆర్కెస్ట్రా తన పాత కాగితాలు తెరిచి చరిత్రకారుల్ని చూడనిచ్చింది. ఓలివర్ రాట్‌కోల్బ్, ఇంకో ఇద్దరు కలిసి రాసిన లెక్క ప్రకారం, 1942లో ఉన్న 123 మందిలో 60 మంది నాజీ పార్టీ సభ్యులు. దాదాపు సగం. రెండో వయొలిన్లలో వాయించే విక్టర్ రోబిట్సెక్ 1942లో పోలండ్‌లోని ఊజ్ ఘెట్టోలో పోయాడు. మాక్స్ స్టార్క్‌మన్‌ని అదే ఏడాది మాలీ ట్రోస్టినెట్స్‌కి పంపారు, అక్కడికి వెళ్ళినవాళ్ళలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. మొత్తం ఏడుగురు, అయిదుగురు క్యాంపుల్లోనూ ఘెట్టోల్లోనూ, ఇద్దరు వియన్నాలోనే వేధింపుల మధ్య. మిగిలినవాళ్ళు దేశాలు పట్టిపోయారు.

ఆర్నాల్డ్ రోజే సంగతి. ఆ జనవరి 16 కచేరీయే ఆ ఆర్కెస్ట్రాతో ఆయన ఆఖరిది. 57 ఏళ్ళ సర్వీసు. ఆగస్టులో భార్య యుస్టీన్ పోయింది. మరుసటి ఏడాది 75 ఏళ్ళ వయసులో లండన్ చేరుకున్నాడు. కూతురు ఆల్మా కూడా వయొలిన్ విద్వాంసురాలే, ఆవిడ హాలండ్ వెళ్ళి, అక్కణ్ణుంచి ఫ్రాన్స్‌లో పట్టుబడి, ఆష్విట్జ్‌లో ఖైదీలతో నడిపిన ఆడవాళ్ళ ఆర్కెస్ట్రాకి కండక్టరయింది. 1944 ఏప్రిల్లో అక్కడే పోయింది. తండ్రి 1946లో లండన్లోనే పోయాడు.

ఇదంతా తెలిశాక మూడో భాగం మళ్ళీ వినండి. నాలుగోది కాదు, మూడోది.

వయొలిన్ల వాళ్ళు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు, ఇద్దరికీ కలిపి ఒకే స్టాండు, ఒకే కాగితం. పేజీ అయిపోయినప్పుడు లోపలివైపు కూర్చున్నవాడు వాయించడం ఆపి పేజీ తిప్పుతాడు, బయటివైపువాడు ఆపకుండా వాయిస్తూనే ఉంటాడు. వేల కచేరీల్లో వేల పేజీలు అలా తిప్పుకుంటూ గడిచిన మనుషులు. ఇందాక చెప్పానే, ఒకడు జారితే పక్కవాడు అర సెకనులో అందుకోవడం అని. నటన కాదది, ఆ వేగంలో నటించడం కుదరదు. ఆ పక్కవాళ్ళలో కొందరికి అప్పటికే జేబులో రహస్యంగా పార్టీ సభ్యత్వం ఉంది. ఆ రోజు వాళ్ళు మాలర్‌ని బాగానే వాయించారు. ఎవరి వయొలిన్ ఎవరిదో చెవితో పట్టుకోలేం, నేను చాలాసార్లు ప్రయత్నించాను. జాగ్రత్తగా వినడం, పక్కవాడి శ్వాస కనిపెట్టడం, వందమంది ఒక్కటిగా కదలడం, ఇవన్నీ అక్కడ నిజంగా ఉన్నాయి. మార్చిలో అవి ఎవరికీ అడ్డం రాలేదు. భవిష్యత్తు తెలిసిన సంగీతమని రాసేవాళ్ళు ఈ సంగతిని దాటేస్తారు, ఎందుకంటే ఇది వినడానికి ఏడుపు రాదు. కడుపులో ఇబ్బందిగా ఉంటుంది.

యుద్ధం అయ్యాక కథ కూడా అందంగా ఏం లేదు. వియన్నా యూదుల్ని రైళ్ళెక్కించిన నాజీ గవర్నరు బాల్డూర్ ఫాన్ షిరాఖ్‌కి 1942లో ఆర్కెస్ట్రా గౌరవ ఉంగరం ఇచ్చింది. ఆయన ఇరవయ్యేళ్ళ జైలు శిక్ష ముగించుకుని 1966లో బయటికొచ్చాక, పాత ఉంగరం పోయిందని కొత్తది తీసుకెళ్ళి ఇచ్చారు. ఇచ్చినవాడు ట్రంపెట్ వాయించే హెల్ముట్ వోబిష్ అని 2013 పరిశోధనలో తేలింది. ఒకప్పటి ఎస్ఎస్ సభ్యుడు, 1950, 60లలో ఆ ఆర్కెస్ట్రాకి మేనేజరు. షిరాఖ్‌లాంటి వాళ్ళకిచ్చిన గౌరవాలన్నీ రద్దు చేస్తూ ఆర్కెస్ట్రా 2013లో ఓటేసింది. అంటే 71 ఏళ్ళు పట్టింది ఆ టికెట్ క్లోజ్ చెయ్యడానికి.

వాల్టర్ 1947లో ఎడిన్‌బరో ఉత్సవంలో మళ్ళీ ఇదే ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డాడు. కోపం రాలేదా అంటే మనం ఆయన బూట్లలో లేం. నాకు మాత్రం ఆ పాత రికార్డింగు వినడం మానెయ్యాలనిపించలేదు. నెలకోసారైనా వింటాను, ఎక్కువగా మూడో భాగమే.

వినాలనుకునేవాళ్ళకి ఒక మాట. దీనికి చాలా ట్రాన్స్‌ఫర్లున్నాయి, ఈఎంఐ, డటన్, నాక్సోస్ లాంటివాళ్ళు వేసినవి స్ట్రీమింగులోనూ దొరుకుతాయి. పాత ప్లేట్ల లక్కలో రాతిపొడి కలిపేవారు, సూది దాని మీద నడుస్తుంటే వచ్చే రొద తప్పదు. ఫిల్టరు గట్టిగా బిగిస్తే రొద పోతుంది, దాంతోపాటు వయొలిన్ల పై మెరుపూ, హాల్లో గాలీ పోతాయి. స్పామ్ ఫిల్టరు మరీ కట్టుదిట్టంగా పెడితే ఆఫర్ లెటరు కూడా జంక్‌లోకి పోయినట్టు. కాబట్టి శుభ్రంగా వినిపించేదాన్ని కాకుండా, వేపుడు చిటపటలాగా రొద ఉన్నదాన్నే తీసుకోండి. మొదటి పది నిమిషాలు చికాగ్గా ఉంటుంది, తర్వాత చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది. స్టీరియోలో హాయిగా కావాలంటే వాల్టర్‌దే 1961 నాటి రికార్డింగు ఉంది. హాలీవుడ్‌లో, రికార్డింగు కోసమే పోగుచేసిన ఆర్కెస్ట్రాతో, 84 ఏళ్ళ వయసులో చేశాడు. పది నిమిషాల పైగా పొడవు. చాలా బాగుంటుంది. దగ్గులు లేవు.

1938 దాంట్లో చివరి పేజీ మాత్రం ఏ ఫిల్టరుకీ లొంగదు. అక్కడ మాలర్ తీగవాద్యాలు తప్ప అన్నిట్నీ ఆపేసి, ఒక్కో స్వరానికీ మధ్య ఎడం పెంచుకుంటూ పోయాడు. కాగితం మీద ఆరిపోతున్నట్టు వాయించమని రాశాడు. సంగీతం తగ్గుతూ తగ్గుతూ రొద స్థాయికి వచ్చేస్తుంది, ఇక అక్కడినుంచి ఏది వయొలా, ఏది ప్లేటు అనేది విడదీయడం కష్టం. వయోలాలు ఆఖరిసారి కదిలిన తర్వాత మిగిలేది ప్లేటు మీద నడుస్తున్న సూది చప్పుడే. దాన్ని ఏ క్షణంలో ఆపెయ్యాలన్నది ట్రాన్స్‌ఫర్ చేసే ఇంజనీరు ఇష్టం. నా దగ్గరున్న కాపీలో ఆయన ఇంకాసేపు వదిలేశాడు.